లెక్కలోకి రాని ప్లగ్గు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: పాపకు ఊపిరందని వేళ కరెంటు పోవడం.

మూడేళ్ల పాపకు చలిగాలి తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అప్పుడు మందును ఆవిరిలా చేసి మాస్కులోకి పంపే నెబ్యులైజర్ పెట్టాలి. అదేమో కరెంటు ఉంటేనే నడుస్తుంది. భర్త లారీ మీద వెళ్తే నాలుగు రోజులకు గానీ ఇల్లు చేరడు. అందుకే ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె చెవి ఒకటి గోడకే అంటుకుని ఉంటుంది. గోడ అవతల ఒంటరిగా ఉండే ముసలి దర్జీ, కుట్టు తాతకు ఆక్సిజన్ మిషనుంది. అది బుర్రుమంటుంటే కరెంటు ఉన్నట్టు. ఆ చప్పుడు ఆగిందా, ఆమె గుండె కూడా ఆగినంత పనవుతుంది.

చిత్రమేమిటంటే ఆమె పనిచేసేది కరెంటు పుట్టే చోటే. కాలువ మీద చిన్న జలవిద్యుత్ కేంద్రం. రెండు టర్బైన్లు, ఒక కంట్రోల్ గది, ఏడాది పొడుగునా తడారని మెట్లు. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయినా అంకెలు మాత్రం ముత్యాల్లా రాస్తుంది. రోజూ ఉదయం ఎనిమిదింటికి రెండు మీటర్లు చూసి పుస్తకంలో ఎక్కించడం ఆమె పని. ఒకటి ఎంత కరెంటు పుట్టిందో చెబుతుంది. రెండోది, కేంద్రం తన లైట్లకూ పంపులకూ అందులోంచి ఎంత వాడుకుందో చెబుతుంది. అక్కడ అందరికీ ఆమె మీటరమ్మ.

పుట్టిన దాంట్లోంచి సొంత వాడకం తీసేస్తే మిగిలినదానికి వెయ్యి యూనిట్లకు ఒక సర్టిఫికెట్ వస్తుంది. ఊరికి కరెంటు సరఫరా చేసే కంపెనీ ఏటా ఇన్ని సర్టిఫికెట్లు చూపించి తీరాలని చట్టం; తాను అమ్మినదాంట్లో ఇంత భాగం నీళ్లతోనో ఎండతోనో పుట్టిందనడానికి అదే రుజువు. ఆ లెక్క నిజమేనని కేంద్రం నెలనెలా సంతకం పెట్టి పంపాలి. పైన ఆపరేటరు సంతకం, కింద ‘రీడింగు తీసినవారు’ అన్నచోట ఆమెది. అబద్ధపు లెక్క అని తేలితే కేంద్రం గుర్తింపు పోతుంది. గుర్తింపు పోయాక ఇంత చిన్న కేంద్రాన్ని ఎవరూ నడపరు.

ఆ సోమవారం పదకొండింటికి ఆడిటు. ఎనిమిదిన్నరకే ఆమె ఆపరేటరు ముందు నిలబడింది, పెన్ను మూత తీస్తూ, పెడుతూ.

“బాబాయ్, నేనో తప్పు చేశాను.”

ఆయన ఆమెకు ఏ వరసలోనూ చుట్టం కాదు. పనిలో చేరిన మొదటి రోజు టిఫిను డబ్బా మూత రాకపోతే తీసిపెట్టాడు, అప్పటినుంచీ బాబాయే.

“ఏంటి, ఏడుని ఒకటిలా రాశావా?”

“నవ్వకండి. మొన్న వానల్లో పాపని పద్దెనిమిది రోజులు ఇక్కడికే తెచ్చుకున్నాను కదా. పైన ప్లగ్గు ఖాళీ లేక కింద మెట్ల దగ్గర వెల్డింగు ప్లగ్గుకి నెబ్యులైజర్ పెట్టాను. నిన్న తుడుస్తుంటే చూశాను, ఆ ప్లగ్గు వైరు మన వాడకం మీటరు గుండా పోవట్లేదు. దానికి ముందే కలిపేశారు. అంటే నేను వాడింది లెక్కలోంచి తీసెయ్యలేదు. ఊరికి పంపినట్టే చూపించాం. కింద నా సంతకం ఉంది.”

“ఎంత వాడేశావేంటి?”

“రెండు యూనిట్లు. మూడుసార్లు గుణించి చూశాను.”

బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఓసి నీ భయం పాడుగాను! ఆ టర్బైను ఒక్కసారి తుమ్మితే వస్తుంది అంత కరెంటు! దీనికా నిన్నట్నుంచి ముఖం వేలాడేసుకుని...”

నవ్వు సగంలో ఆగిపోయింది.

“ఏ ప్లగ్గు అన్నావూ?”

ఇద్దరూ మెట్లు దిగారు. అది జంట ప్లగ్గు. ఒకవైపు ఆమె నెబ్యులైజర్ పెట్టినది. రెండోవైపు బొటనవేలంత లావు నల్లవైరు. అది అడుగున ఊరే నీటిని తోడే పంపుది. వానలకు దాని వైరు కాలిపోతే, “రెండ్రోజులకే” అంటూ బాబాయే తన చేత్తో ఇక్కడ తగిలించాడు. ఆ రెండ్రోజులు యాభై రోజులయ్యాయి. పాపను ఒళ్లో పెట్టుకుని ఆ వైరు పక్కనే ఆమె అన్నిసార్లు కూర్చుంది. తన తప్పు తవ్వుకోవడంలో అది కంటికి ఆనలేదు.

ఆమె పుస్తకం వెనక లెక్క వేసింది. నాలుగు కిలోవాట్ల పంపు, రోజుకు పది గంటలు, యాభై రోజులు. రెండు వేల యూనిట్లు. ఊరికి పంపని కరెంటుకు రెండు సర్టిఫికెట్లు పుట్టించారన్నమాట.

బాబాయి మెట్టు మీద కూలబడ్డాడు. “ఇంకా రెండు గంటలుంది. వైరు పీకి పైన కలిపేస్తే ఎవరికి తెలుస్తుందే?”

ఆమెకు పాప కళ్లముందు మెదిలింది. ఈ ఉద్యోగం పోతే పాప మందులేం కావాలి? సరేనందామని నోటిదాకా వచ్చింది.

“నాకు తెలుస్తుంది బాబాయ్. రెండు యూనిట్లే మోయలేక రాత్రంతా కన్ను మూయలేదు. రెండు వేలు ఎలా మోస్తాను?”

ఆయన చేతులు మోకాళ్ల మీద వేసుకుని లేచాడు. “రాయి. నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి. తగిలించింది నేనేనని కూడా రాయి.”

ఆమె రాసింది. తేదీలు, గంటలు, పంపు వాడకమంతా. అన్నిటికంటే కింద: నెబ్యులైజర్, రెండు యూనిట్లు.

“అదీ రాయాలా తల్లీ?”

“అదే కదా మొదటిది.”

ఆడిటు మేడం బూట్లకు బురదతో వచ్చింది. కాగితం చదివి, కిందికి దిగి, వైరును వేలితో తడుముకుంటూ చివరిదాకా వెళ్లింది. పైకొచ్చి కళ్లద్దాలు తుడుచుకుంది.

“ఈ చివరి వరస ఎవరు రాశారు?”

ఆమె ఒక అడుగు ముందుకేసింది. “నేనే మేడం.”

“ఈ వైరు నేను పట్టుకుని ఉంటే గుర్తింపు ఆపమని రాసేదాన్ని. మీ అంతట మీరే చెప్పారు కాబట్టి ఇది సవరణ అవుతుంది. కంపెనీ ఏడాది సర్టిఫికెట్లు అప్పజెప్పడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. రెండు రద్దు చేస్తాం, వాళ్లు వేరేవి తెచ్చుకుంటారు. ఆ ప్లగ్గుకి ఈ వారంలో మీటరు పెట్టించండి.” అని, ముఖంలో నవ్వన్నది లేకుండా, “మిగిలిన రెండు యూనిట్లూ వచ్చే నెల లెక్కలో తీసెయ్యండి,” అంది.

బాబాయి దగ్గులాంటిది ఒకటి దగ్గాడు.

వెళ్లబోతూ మేడం గుమ్మంలో ఆగింది. “పాపకు ఇంట్లో కూడా పెడతావా అమ్మా? నీ పేరు కంపెనీ జాబితాలో ఉందా?”

“ఏ జాబితా మేడం?”

“ఊపిరి మిషన్లు ఉన్న ఇళ్ల జాబితా. కంపెనీకి సర్టిఫికెట్ల బాధ్యత ఒక్కటే కాదు, ఇదీ ఉంది. కరెంటు ఆపేముందు ఆ ఇళ్లకు చెప్పాలి, బ్యాటరీ ఇవ్వాలి. అడగాలి మరి.”

ఆ సాయంత్రమే ఆమె కంపెనీని అడిగింది. రెండో రోజుకు బ్యాటరీ వచ్చింది, చెప్పుల డబ్బా అంత. దాంతో పాటు కబురూ వచ్చింది: గురువారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా వీధిలో మరమ్మతు, కరెంటుండదు. ఇన్నేళ్లలో కరెంటు పోయే వేళ ఆమెకు ముందే తెలియడం అదే మొదటిసారి. ఆ రాత్రి గోడ వైపు చెవి పెట్టకుండా నిద్రపోయింది.

కుట్టు తాత మాత్రం జాబితా అంటే వినలేదు. “నన్ను రోగిష్టోళ్ల పట్టీలో ఎక్కిస్తావా? పోవే! కరెంటు పోతే నా ఆక్సిజన్ సిలిండరుంది, నాకు తిప్పుకోవడం వచ్చు,” అని కసిరాడు. ఆ సిలిండరు మర తిప్పడానికి ఆయన వేళ్లు సహకరించవని ఆమెకు తెలుసు.

గురువారం ఆ వేళకు ఆమె డ్యూటీలో ఉంటుంది, పాపా బ్యాటరీతో సహా అక్కడే. కాబట్టి పదింటికి మీరు ఆ వీధిలో పోతుంటే, తలుపు పక్కన కత్తెర బొమ్మ గీసిన ఇల్లు కనబడితే, ఒక్కసారి తట్టండి. ఒంట్లో ఎలా ఉందని అడగకండి, తలుపేసేస్తాడు. చొక్కా గుండీ ఊడిందనండి. లోపలికి రానిస్తాడు. కూర్చుని, సిలిండరు మీద ముల్లు లేచిందో లేదో చూడండి; లేవకపోతే మర మీరే తిప్పి రండి.