సవతి చేతి పాలు

భాద్రపదమాసమున విడువక కురిసి యలసిన మేఘములు పశ్చిమదిక్కున నొదిగి నిలువగా, వానధారలచే గడుగబడిన కొబ్బరిమట్టలపై సాయంకాలపుటెండ పసుపు పూసినట్లు పరచుకొనగా, క్రొత్తనీటితో నెఱ్ఱనైన నాగావళీనది యొడ్డులొరసి పాఱుచుండగా, ఆ నదికెదురుగానున్న కేతవరపు కోటలో అంతఃపురపు వసారాయందు బెద్దదొరసాని సుభద్రాయమ్మ కుంపటిముందు గూర్చుండి పాలు కాచుచుండెను. ఆ పాలు తనకు గావు, నిండుచూలాలైన సవతికి. చూలాలికి బ్రతిసాయంకాలమును కుంకుమపువ్వు వేసిన పాలు ఇంటి పెద్దముత్తైదువ స్వహస్తములతో గాచి యిచ్చుట ఆ వంశపుటాచారము. అత్తగారు లోకాంతరగతురాలగుటచే ఆ భారము సుభద్రాయమ్మపై బడెను.

ఈ సవతిని దెచ్చినది మఱియెవ్వరో కాదు, సుభద్రాయమ్మయే. తనకు సంతానము గలుగదని వైద్యులు నిశ్చయించిన పిమ్మట, భర్తయగు సూరపరాజు వలదన్నను వినక, తానే పల్లకినెక్కి పోయి, రమణాయమ్మ యను కన్యను మెచ్చి, చేయి పట్టుకొని తోడ్కొనివచ్చెను. పెండ్లినాడు ఆమె హృదయమున నీర్ష్యయన్నది లేదు. ఉన్నచో నేను చెప్పియేయుందును. దాచిపెట్టుటకు ఆమె నాకు జుట్టము గాదు.

కాని పెద్దభార్య యెట్లుండవలెనో కోటలోని వారికందఱకును ముందే తెలిసియుండెను. ఆమె నవ్విన నెంత నేర్పుగా దాచుకొనుచున్నదనిరి. నవ్వకున్న గడుపుమంట పైకివచ్చినదనిరి. చిన్నదొరసానికి గాజులు తెచ్చిన కంసాలి యీమెను జూడగనే మూట వెనుకకు దాచెను. పరిచారికలు ఈమె యడుగుల చప్పుడు విని మాట మార్చిరి. సూరపరాజు సైతము చిన్నభార్యతో జదరంగమాడి వచ్చినప్పుడెల్ల నేదో నేరము చేసినవానివలె అడుగని సంజాయిషీలు చెప్పుకొనజొచ్చెను. వీరేమి దాచుచున్నారోయని యామె మొదట విస్తుపోయెను, పిదప జెవియొగ్గి వినసాగెను, ఆపైన వెదకసాగెను. వెదకినకొలది దొరకెను.

అట్లు పరులు విత్తి నీరుపోసిన యసూయ యామె గుండెలో నిజముగానే మొలచెను. రమణాయమ్మ నల్లని జడ చూచిన గుచ్చుకొనెను, పాదముల పారాణి చూచిన గుచ్చుకొనెను, ఆ చిన్నది వేవిళ్లతో గొఱికిన మామిడిముక్క పులుపు ఈమె నోట జేదయ్యెను. గోడకావల భర్త నవ్వు వినవచ్చిన, ఆ నవ్వు తన గదిలో నెన్నడైన నంత బిగ్గరగా వినబడెనాయని తలచుకొనుచు జేతిపని మఱచి కూర్చుండెడిది.

ఇట్లుండగా నిన్నటి సాయంకాలము పాలిచ్చి మరలుచు, మఱచిన మూతకై వెనుదిరిగిన సుభద్రాయమ్మ తలుపుసందున నొకటి గాంచెను. రమణాయమ్మతో బుట్టినింటినుండి వచ్చిన దాసి పైడమ్మ ఆ పాలు కొంచెము దోసిట బోసుకొని త్రాగి, తనకేమియు గాలేదని నిదానించి చూచుకొని, పిదప గిన్నె తన దొరసానికందించుచుండెను. ఇది క్రొత్త పని కాదని యా దాసి చేసిన తీరే చెప్పెను. మీగడ తీసి చల్లార్చి చక్కెర చూచి తానిన్నాళ్లు తెచ్చిన పాలకు ఇదియా మర్యాద యని సుభద్రాయమ్మ మూత తీసికొనకయే మరలెను. నన్ను విషము పెట్టుదానినిగా నెంచినవారియెదుట నేనింక దేనికి మంచిదాననై యుండవలెననుకొనెను.

అందుచే నేడు ఆ పాలలో గన్నేరుపప్పు నూఱి కలిపెను. పైడమ్మ రుచి చూచినను విషము వెంటనే బయలుపడదని యామె యెఱుగును.

గిన్నెతో లోనికి రాగా పైడమ్మ యెదురువచ్చెను.

“ఇలాగివ్వండి దొరసానిగారూ, సల్లారినాక నాను మాయమ్మకిత్తాను.”

ఉయ్యాలబల్లపైనున్న రమణాయమ్మ దానిని వారించెను. “పైడీ, నీవు వెలుపలికి పొమ్ము. అక్క తెచ్చిన పాలు ఇంక నీవు ముట్టవలదు.” దాసి గొణుగుకొనుచు దలుపుకడకు బోయిన పిమ్మట గిన్నె తానే యందుకొని యిట్లనెను. “అక్కా, నిన్న మీరు తలుపుకడ నిలుచుట చూచితిని. పుట్టినింటివారు పెట్టిన కట్టుబాటిది. నేనును భయపడి యూరకుంటిని. తలచుకొన్న సిగ్గగుచున్నది. నన్ను చేయి పట్టుకొని తెచ్చినవారు మీరు. మిమ్ము నేనేల శంకింపవలెను?”

ఆ మాటకు సుభద్రాయమ్మకు ముందు గలిగినది పశ్చాత్తాపము గాదు, అసూయయే. భర్తను దీసికొన్నది చాలక యీ చిన్నది మంచితనమును గూడ దనకంటె ముందుగా దీసికొనెనేయని కడుపు మండెను. ఇంతలో గిన్నె రమణాయమ్మ పెదవులనంటబోయెను. సుభద్రాయమ్మ చేయి యెట్లు లేచెనో యామెకే తెలియదు. ఆ దెబ్బకు గిన్నె యెగిరిపడి పాలు నేలపాలయ్యెను.

“సూసినారా, పాలు తాగితే కూడా ఓర్సుకోనేకపోయింది” అని పైడమ్మ కేకవేసెను. పరిచారికలు మూగిరి. సూరపరాజు పరుగున వచ్చి “సుభద్రా, కడకింతకు దిగితివా” యనెను. చిరకాలముగా నెదురుచూచిన దృశ్యము కంటబడినందున వారి ముఖములలో నొకవిధమగు తృప్తియే కానవచ్చెను. ఆమె జన్మమున జేసిన మేలుపనులలో నిదియే గొప్పది. దానినే వారు సాక్ష్యముగా బట్టుకొనిరి.

రమణాయమ్మ నేలవంక జూచెను. చెదరిన పాలలో నూఱిన పప్పు పలుకులు స్పష్టముగా గానవచ్చెను. ఆమెకంతయు దెలిసెను. గిన్నె తెచ్చినదియు గొట్టివేసినదియు నొక్క చేయియేయనియు దెలిసెను. ముఖము పాలిపోయినను లేచి, చెంబెడు నీళ్లు ఆ పాలపై గుమ్మరించి, “పాలలో బురుగు పడినది. అక్క చూచి తట్టివేసినది. మీరెల్లరు పొండు” అనెను.

అందఱును బోయిన పిమ్మట రమణాయమ్మ ఉయ్యాలబల్లపై మరల గూర్చుండి యిట్లనెను. “ఆకలిగానున్నదక్కా. మఱియొక గిన్నె కాచి తెండు. మీరే తెండు.”

సుభద్రాయమ్మ వేఱొక గిన్నె కడిగి పాలు పోసి కుంపటిమీద బెట్టెను. కోటయంతయు దన్ను జెడ్డదానినిగా నెంచినప్పుడట్లగుట యెంతయో సులువుగానుండెను. ఇప్పుడొక్కతె, అంతయు నెఱిగియు, తన చేతి పాలకై లోన గూర్చుండియున్నది. ఇంతటి భయము సుభద్రాయమ్మ తన బ్రదుకున నెన్నడును బడి యెఱుగదు. పాలు పొంగునందాక గన్నీరు తుడుచుకొనుటకైనను జేయి కదపలేదు.

“అయినదా అక్కా?” యని లోనుండి పిలుపు వచ్చెను.

“వచ్చుచున్నాను చెల్లీ” యని యామె లేచెను.