విప్పని మూడో పేపరు

తార్నాక ఇరానీ హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని లోకాన్ని తిట్టమంటే బిక్షపతికి పూనకమే. యూనివర్సిటీలో చరిత్ర మీద పరిశోధన మొదలుపెట్టి ఏళ్లు గడిచాయి, థీసిస్ మాత్రం తేలలేదు. తప్పెవరిది? గైడు దద్దమ్మ, జూనియర్లు గొర్రెలు, హాస్టల్ మెస్సులో పప్పు ఒట్టి నీళ్లు. ఇంతటి మహానుభావుడికి లెక్చరర్ల అర్హత పరీక్ష రాసే ఖర్మ పట్టింది. నల్లకుంటలో అతను పార్ట్‌టైముగా పాఠాలు చెప్పే కాలేజీలో చరిత్ర పోస్టు ఒకటి పర్మనెంటు చేస్తున్నారు. పరీక్ష పాసైతేనే అది దక్కుతుంది, లేకపోతే జూన్ నుంచి రానే అక్కర్లేదని కరస్పాండెంటు మొహమ్మీదే చెప్పేశాడు.

పరీక్షకు మూడు పేపర్లు. మొదటిది అందరికీ ఒకటే. పట్టిక చూసి శాతం కట్టాలి, వరసలో తర్వాతి అంకె ఏదో చెప్పాలి. రెండోది చరిత్రలో చిన్న ప్రశ్నలు, మూడోది వ్యాసాలు. బిక్షపతి దృష్టిలో మూడోదే పరీక్ష, తక్కినవి పిల్లకాయల ఆటలు.

లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే వాసంతి అతని జూనియరు. లైబ్రరీలో ఆ అమ్మాయి శాతాలు కడుతూ కనిపిస్తే అతనికి నవ్వాగలేదు.

"ఏంది వాసంతీ, బ్యాంకుల కొలువు చేస్తవా?"

"దేనికదే మినిమమ్ రావాలె అన్నా. మొదటి రెండిట్ల రాకుంటే మూడోది దిద్దనే దిద్దరు. నోటిఫికేషన్‌ల రాసున్నది, చూడు."

"అది గుమస్తాలు రాసింది, గుమస్తాలే చదువుకుంటరు. టోటల్ చూస్తరు పిచ్చిదానా! మూడోదాంట్ల నేను దంచితే మొదటిది ఎవడడుగుతడు?"

వాసంతి మళ్లీ లెక్కల్లో తల దూర్చింది. బిక్షపతి ఆ తలను చూసి జాలిపడ్డాడు.

పరీక్ష రోజు మొదటి పేపరులో తోచిన జవాబు గడిలో పెన్సిలు రుద్దేశాడు. ప్రశ్నలు చదవడం కూడా నామోషీ! అందరికన్నా ముందే లేచి తార్నాక వచ్చి ఉస్మానియా బిస్కట్ చాయ్‌లో ముంచుకుంటూ, లోపల ఇంకా శాతాలు కడుతున్నవాళ్లను తలుచుకుని నవ్వుకున్నాడు. మూడో పేపరు మాత్రం చెయ్యి నొప్పెట్టేదాకా రాశాడు. నిజాం కాలంలో వెట్టి గురించి అతను ఆ రోజు రాసిన వ్యాసం అద్భుతం. అతనంటే నాకు ఒళ్లు మంటే, అయినా ఉన్నమాట చెప్పాలి కదా.

ఫలితాలు దినపత్రికలో పడ్డాయి. అతని నంబరు లేదు. బిక్షపతి ఒంటికాలి మీద లేచి క్యాంపస్‌లోని పరీక్షల ఆఫీసు కిటికీ దగ్గరికి పోయాడు.

"నా మూడో పేపరు దిద్దినోడెవడు? పిలువున్రి, వాని చదువేందో నేను చూస్త!"

లోపలి మనిషి నంబరు అడిగి, పోయి చూసుకుని వచ్చాడు.

"ఎవ్వరు దిద్దలే సార్. మొదటిదాంట్ల మీకు మినిమమ్ రాలే. మూడోది సీలు గూడ విప్పలే."

"విప్పలేదా?"

"రూలు గంతే సార్."

నల్లకుంట పోస్టు పోయిందని బిక్షపతికి తెలిసింది. జూన్‌లో ఎక్కడికి పోవాలో తెలియలేదు. అయినా అతని నోటి నుంచి వచ్చిన మాట ఉద్యోగం గురించి కాదు.

"అన్నా, జర విప్పున్రి. మార్కులొద్దు, ఏమొద్దు. ఒక్కపారి చదువున్రి. ఎవరన్న సరే... మీరే చదువున్రి. చాన మంచిగ రాసిన."

ఎవరినైనా అతను బతిమాలడం అదే మొదలు.

"అట్ల విప్పరాదు సార్. జరుగున్రి, ఎనక పాసైనోళ్లు సర్టిఫికెట్ల కోసం నిలబడ్డరు."

అతను తిరిగి చూశాడు. వెనక వాసంతి. ఆ అమ్మాయి తల దించుకుంది.

బిక్షపతి పక్కకు జరిగాడు.