మగవాళ్లు చూడని చీర

రిటైరైన మనిషికి లోకం ఇచ్చే మొదటి సలహా "ఇంక హాయిగా కూర్చో" అని. ముప్పై నాలుగేళ్లు కరెంటు స్తంభాలు ఎక్కి దిగినవాణ్ణి. కూర్చోవడం నాకు ఎవరు నేర్పారు గనక? ఆఖరి రోజు శాలువా కప్పి ఒక గోడ గడియారం చేతిలో పెట్టారు. అప్పటినుంచి దాన్ని చూడటమే నా ఉద్యోగమైంది. పదయిందా? లేదు, పది తక్కువ పది. వీధి చివరిదాకా నడిచొస్తే పదీ అయిదు. తిరువళ్లూరు పక్కన మణవాళనగర్‌లో మా వీధి అంత పొట్టిదని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు తెలియదు.

ఇంట్లో కొళాయిలన్నీ విప్పి బాగుచేశాను. కారని కొళాయి కూడా కారడం మొదలుపెట్టింది. సీలింగు ఫ్యాను దించి తుడిచి పెడితే ఒక మర మిగిలిపోయింది. అది ఎక్కడిదో ఇప్పటికీ అంతు చిక్కలేదు. ఆ ఫ్యాను కింద మా ఆవిడ కస్తూరి పడుకోవడం మానేసింది.

"నీ చేతులకు ఏదన్నా పని పెట్టుకో అయ్యా. లేకుంటే ఈ ఇంటిని గూడా విప్పి మళ్లీ బిగించేటట్టుండావు" అంది ఒకరోజు.

ఆ పని పక్కింటి ఆరోగ్యమేరి పెట్టింది. ఆమె పాత చీరలు సేకరించి, వృద్ధుల ఆశ్రమానికి బొంతలు కుట్టి పంపుతుంది. ఆమె వరండాలో నిలబడి, నాలుగు రోజులు వంకలు పెట్టాను. ఆ ముక్క వంకరగా ఉంది, ఈ కుట్టు పొడుగైంది. అయిదో రోజు సూది నా చేతిలో పెట్టి, "కుట్టు అన్నా, చూస్తా నీ సామర్థ్యం" అంది.

అలా అంటుకుంది నాకు బొంతల పిచ్చి. కింద పాత పంచె, నడుమ రెండు పొరల చీరలు, పైన అట్టముక్క పెట్టి కత్తిరించిన చదరాలు, వాటన్నిటినీ కలుపుతూ ఈ చివరినుంచి ఆ చివరికి సన్నని కుట్లు. వరసలు తిన్నగా రావాలంటే కరెంటు తీగలు లాగినవాడి కన్ను ఉండాలి. అది నాకుంది. మొదటి బొంత మాత్రం నవ్వులపాలైంది. ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నమంతా కుట్టాను. కొరియరు మనిషి పిలిస్తే లేచాను, బొంత కూడా నాతోపాటు లేచింది. కట్టుకున్న లుంగీతో సహా కుట్టేశాను మరి. వీధంతా చూసింది. కొరియరు కాగితంమీద సంతకం పెట్టిన చేతితోనే కత్తెర అందుకున్నాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అయిదో బొంత దగ్గర నేను చేసిన పని అర్థం కావాలని.

మా ఒక్కగానొక్క కూతురు వైష్ణవి కాట్టుపల్లి రేవులో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. వైకాసి నెలలో, నడివేసవిలో, దాని పెళ్లి; అత్తారిల్లూ ఆ కాట్టుపల్లిలోనే. దానికి తెలియకుండా, కస్తూరికీ తెలియకుండా, ఒక బొంత కుట్టి అత్తారింటికి పంపాలని నా ఆశ. కస్తూరి పెళ్లి చీరల బేరానికి తిరుత్తణిలో మా అక్క ఇంటికి వెళ్లి వారం రోజులు ఉంది. అదే అదను. బీరువా కింది అరలోని పాత చీరల మూట మొత్తం ఆరోగ్యమేరి వరండాకి చేర్చాను. ముప్పై చీరలకు తక్కువ లేవు. వాటిలో నీలం పూల దిండుగలీబులో మడిచిపెట్టిన వంగపండు రంగు నూలు చీర ఒకటి ఉంది. చేత్తో పట్టుకున్నాను, మళ్లీ కింద పెట్టబుద్ధి కాలేదు. అంత మెత్తన. ముందు దాన్నే కత్తిరించాను. ముప్పై ఆరు చదరాలు వచ్చాయి. వాటిని బొంత నిండా చల్లినట్టు కుట్టాను. మిగిలిన చీరలు మళ్లీ మూటగట్టి అరలో పెట్టేశాను. ఆ వారం నేను గడియారం చూసింది తక్కువ.

కస్తూరి తిరిగొచ్చిన మర్నాడు, బుధవారం, స్టూలెక్కి బీరువాలన్నీ గాలిస్తోంది.

"ఏమయ్యా, నీలం పూలది ఒక తలగడ కవరు కండ్లబడిందా నీకు?"

"దాంట్లో ఏముండె?" అన్నాను.

"నీకు చెప్పకూడదు."

మా ఇంట్లో మగవాడికి చెప్పకూడనిది ఒక్కటే ఉంది.

నాకు రెండున్నరేళ్లప్పుడు మా అమ్మ కామెర్లతో పోయింది. ముత్తయిదువగా పోయింది కనక మా ఇంటి పేరంటాలైంది. మా వైపు అంతే, పసుపు కుంకుమలతో పోయిన ఆడదాన్ని ఆ ఇంటి దేవతగా కొలుస్తారు. అమ్మ చీర ఒకటి వెదురుపెట్టెలో పెట్టి అటకమీద ఉంచారు. ఇంట్లో పెళ్లయినప్పుడు ఆ ఇంటి ఆడబిడ్డ వచ్చి పెట్టె తెరవాలి. పెళ్లికూతురి భుజాన ఆ చీర ఒక్క క్షణం కప్పి, దీపం చూపి, మళ్లీ మడిచి పెట్టాలి. తలుపు మూసి ఆడవాళ్లు మాత్రమే చేస్తారు. ఆ చీర మగవాడి కంట పడకూడదు. అందువల్ల నా పెళ్లికి నేను బయట అరుగుమీద కూర్చున్నాను. కస్తూరి భుజాన అమ్మ చీర కప్పినప్పుడు దాని రంగేమిటో కూడా నాకు తెలియదు. తెలియకపోబట్టే కదా కత్తెర ఆడింది!

సంగతి తర్వాత తెలిసింది. మొన్న మార్గశిరం తుపానులో అటక కారింది. పెట్టె తడిసింది. కస్తూరి చీర ఆరబెట్టి, గలీబులో దాచి, పెట్టె ఆరాక పెడదామనుకుని మరిచిపోయింది. నాతో చెప్పకూడదు కనక చెప్పలేదు. ఆరు నెలలుగా ప్రతి శుక్రవారం నేను దండం పెట్టింది ఖాళీ పెట్టెకి.

తేలు కుట్టిన దొంగలా పక్కింటికి పరిగెత్తాను. బొంత పరిచి చూస్తే ఎటు చూసినా వంగపండు రంగే.

"విప్పేస్తా మేరమ్మా."

ఆరోగ్యమేరి ఒక కుట్టు లాగి చూసింది. దారంతో పాటు గుడ్డపోగులూ లేచాయి. "వద్దన్నా, చివికిన నూలు. పెరికితే చేతికి పీచు వస్తుంది గానీ చీర రాదు" అంది. తర్వాత మెల్లగా, "కస్తూరక్కకు చెప్పేయి, ముడింజిది" అంది. చెబితే ముగిసిపోతుందని ఆమె అనుకుంది. నాకక్కడే మొదలు.

మిగిలిన ముక్క జేబులో పెట్టుకుని తిరువళ్లూరు బజారులో మూడు కొట్లు తిరిగాను. మూడో కొట్లో అమ్మాయి దాన్ని వెలుతురుకి పట్టి, "తాతా, ఇట్లాంటి నేత ఇప్పుడు యాడా రాదు" అంది. వచ్చినా ఏం చేసేవాణ్ణి? కొత్త చీర తెచ్చి, నలిపి, ఉతికి, ఇదే మా అమ్మది అని మా అక్కను నమ్మించాలనుకున్నాను. సిగ్గులేని ఆలోచనే. బస్సు కోసం ఆగలేక ఇంటికి నడిచే వచ్చాను.

గురువారం కస్తూరికి ఒక పాడు జ్ఞాపకం వచ్చింది. సంక్రాంతి ముందు స్టీలు గిన్నెలవాడికి పాత బట్టలు వేసింది. అందులో పోయి ఉంటుందని తేల్చుకుంది. నా భార్య ఊరికే ఏడ్చే మనిషి కాదు. వంటింట్లో నేలమీద కూర్చుని, ఆ గిన్నె ముందు పెట్టుకుని ఏడ్చింది.

"పాపం చేసినానయ్యా. ఒక గిన్నెకు ఆశపడి అత్తను అమ్మేసినాను. వదినకు ఏ మొగం పెట్టుకోని చెప్పేది?"

నేను పక్కన కూర్చున్నాను. మాట నాలుకమీదే ఉంది. "ఏడ్వబాక, దొరుకుతుందిలే" అన్నాను. అరవై ఒక్క ఏళ్ల వయసులో ఇంతకంటే నీచమైన మాట నేను అనలేదు. ఆ పూట ఆమె అన్నం తినలేదు, నేను తిన్నాను. తిని వీధి చివరిదాకా నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్లీ నడిచాను. కాలుగాలిన పిల్లి కూడా అన్నిసార్లు తిరగదు.

పెట్టె తెరవాల్సిన శుక్రవారం రానే వచ్చింది. పొద్దున్నే వైష్ణవి సెలవుపెట్టి వచ్చింది. తొమ్మిదిగంటల కరెంటు రైలుకి తిరుత్తణినుంచి మా అక్క వనజాక్షి దిగింది. అమ్మ పోయేనాటికి అక్కకు పదకొండేళ్లు. నన్ను చంకనేసుకుని పెంచిందీ, తామరైపాక్కం బడిలో చేర్చిందీ, స్తంభం ఎక్కే ఉద్యోగమంటే వారం రోజులు నాతో మాట్లాడటం మానేసిందీ ఆమే. డెబ్భై ఏళ్లొచ్చినా నడక తగ్గలేదు, నోరూ తగ్గలేదు.

"ఏందిరా రాజులూ, మొగం అట్ల పీక్కపోయుండాది? కూతురు పోతుందనా? కాట్టుపల్లి అంటార్కిటికా కాదులే" అంది చెప్పులు విడుస్తూనే.

నేనే అటకమీదనుంచి పెట్టె దించాను. గాలికంటే తేలిగ్గా ఉంది. అక్క అది అందుకుని, నన్ను ఒక చూపు చూసింది. "ఇంక నువ్వు బయటికి నడు."

నడిచాను. తలుపు మూశారు. అరుగుమీద కూర్చోలేక నిలబడ్డాను, నిలబడలేక కూర్చున్నాను. లోపల పెట్టె మూత తీసిన చప్పుడైంది. అప్పుడు కస్తూరి గొంతు.

"వదినా, తప్పంతా నాదే. నేనే దాన్ని..."

ఆ మాట పూర్తి కానివ్వకూడదనిపించింది. జీవితంలో పదకొండు వేల వోల్టుల లైనుమీద పనిచేసినప్పుడు కూడా నా గుండె అలా కొట్టుకోలేదు. పక్కింటి వరండాలోకి పరిగెత్తి బొంతను రెండు చేతులా వాటేసుకుని వచ్చి, తలుపు తోసి లోపలికి వెళ్లాను.

"నైనా! నువ్వు రాకూడదు" అని వైష్ణవి అరిచింది.

"అది పోలేదక్కా. కస్తూరి పారేయలేదు. నేను కత్తిరించినాను. ముప్పయ్యారు ముక్కలు చేసినాను. బుధవారమే తెలిసింది నాకు. ఇది ఏడస్తా ఉంటే చూస్తా కూర్చున్నాను గానీ చెప్పలేదు."

బొంతను దీపం ముందు పరిచాను. కస్తూరి నావైపు చూసిన చూపు చెప్పలేను. కోపమైతే బాగుండేది. ఒక పూట పస్తుండి ఏడ్చిన మనిషి, పక్కనే కూర్చుని అన్నం తిన్న మొగుణ్ణి చూసిన చూపు అది.

అక్క బొంత పక్కకి వచ్చింది. వంగి, ఒక వంగపండు రంగు చదరంమీద అరచెయ్యి పెట్టింది. మరొకదాని మీద పెట్టింది. అలా ఆ కొసదాకా వెళ్లింది. తిడితే పడదామని నిలుచున్నాను.

"అంత మూటలో దీన్నే ఎందుకు తీసినావురా?"

"తెలీదక్కా. మెత్తగా ఉండె. ఒకతూరి పట్టుకున్నాక కింద పెట్టబుద్ధి కాలేదు."

అక్క నేలమీద కూలబడింది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో ముందు అర్థం కాలేదు. రెండూ చేస్తోంది.

"అమ్మ పోయినప్పుడు ఈ చీర దండెంమీద ఉండె. నువ్వు దాన్ని లాగి, కింద పరుచుకోని, మొగం ఆనించుకోని పడుకుంటివి. లేపితే ఏడుపు. మూడు దినాలు అన్నం లేదు, పాలు లేవు. చీర లాక్కుంటే ఊపిరి పట్టేది నీకు. అవ్వ వాళ్లంతా చీరను కాల్చేద్దామన్నారు, పిలకాయ మర్చిపోతాడని. నేను వద్దంటే ఎవరు వింటారు? పదకొండేండ్ల దాన్ని. అందుకే చెప్పినాను, అమ్మ కల్లోకి వచ్చింది, నా చీర పెట్టెలో పెట్టండి, మగోళ్ల కంట పడనీబాకండి అనింది అని."

"అయితే అత్తా," వైష్ణవి నోరు తెరిచింది, "మగవాళ్లు చూడకూడదనే ఆచారం?"

"ఆచారమూ లేదు, గీచారమూ లేదు. నేను చెప్పిన అబద్ధం. మా నైన నమ్మేసినాడు. ఊర్లో పెద్దోళ్లయితే, అవునవును, మా ఇంట్లో గూడా అంతే అన్నారు!" అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వీడి కంట పడకుంటే చాలనుకున్నాను. వీడు అన్నం తింటే చాలనుకున్నాను. ఆమీద విప్పి చెప్పేదానికి ధైర్యం చాల్లేదు. దేవుడి పేరు పెట్టినాక ఎట్ల చెప్పేది?"

అమ్మ ముఖం నాకు గుర్తులేదు. ఫొటో లేదు. అమ్మ గురించి అడిగితే పెట్టెవైపు చూపించేవాళ్లు, నేను దండం పెట్టేవాణ్ణి. అరవై ఏళ్లలో ఆమెకోసం ఏడ్చిన జ్ఞాపకం లేదు. తెలియని మనిషికోసం ఎలా ఏడుస్తాం అనుకునేవాణ్ణి.

అక్క బొంతను ఎత్తి వైష్ణవి భుజాన కప్పింది. వైకాసి ఎండలో, రెండు పొరల చీరల బరువుతో, పిల్లకు ముఖమంతా చెమట పట్టింది. అయినా కదలకుండా నిలబడింది. కస్తూరి దీపం చూపించింది. నన్ను మాత్రం చూడలేదు. ఆ కోపం ఎన్నాళ్లుంటుందో తెలియదు, ఉండాల్సిందే.

"ఒరే, తలుపు దగ్గర నిలబడినావేం? రా, ఇప్పుడు చూడు" అంది అక్క.

దగ్గరికి వెళ్లాను. కూతురి భుజంమీది బొంత అంచు పట్టుకున్నాను. నా చేతులు కుట్టిన కుట్లే, తిన్నగా వరసలు కట్టి ఉన్నాయి. ముఖం ఆనించాను. చీరకు ఏ వాసనా లేదు, సబ్బు వాసన తప్ప. అయినా లోపలినుంచి ఏదో తన్నుకొచ్చింది. ఆడవాళ్ల ముందు, కూతురి ముందు, పెద్దగా ఏడ్చాను.

"నైనా, ఏమైంది నైనా" అని వైష్ణవి కంగారుగా నన్ను లేపబోయింది.

"లేపబాకమ్మే" అంది మా అక్క. "ఆ పొద్దు నేనే లాక్కున్నాను. ఈ తూరి పట్టుకోనీ."