వేడి చల్లారని దూరం

ప్రేమావతికి కోపం వస్తే ముందు గిన్నెలకి తెలుస్తుంది. ఆ రోజు తెల్లారకముందే అండమాన్‌లోని ప్రోతరాపూర్‌లో ఆమె వంటగది దద్దరిల్లింది.

"అండమానంటే దూరమట, పిల్లనివ్వరట!" అంది మూకుట్లో సూరచేప ముక్కలు తిరగేస్తూ. "మన అబ్బాయి ఆనందబాబుకేటి తక్కువ? వైజాగ్ నుంచి విమానం దో ఘంటే కదా!"

"ఫోన్లో చెప్పాం. నమ్మలేదు. ఛోడ్ దే, వదిలెయ్," అన్నాడు మొగుడు దేవప్రసాద్.

"చెబితే నమ్మనోళ్లకి తినిపిస్తాను."

వేపుడు మీద కొబ్బరికోరు చల్లి, హాట్‌కేసులో సర్ది, తుండుగుడ్డ చుట్టి, ఒక్కత్తే విమానం ఎక్కేసింది. కింద పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం. కొత్తకోడలిగా ఆ నీళ్లమీదే ఓడలో మూడు రోజులు వాంతులు చేసుకుంటూ వచ్చింది. ఇప్పుడు కునుకు పట్టేలోపే దిగమన్నారు.

భీమిలిలో పిల్ల ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్లిద్దరే. కూతురు పుష్పవతికి ఆనందబాబు నచ్చాడు. అడ్డమల్లా తల్లి సంతోషకుమారే. భోజనాలవేళకి గుమ్మంలో పెళ్లికొడుకు తల్లి ప్రత్యక్షమయ్యేసరికి ఆవిడ తడబడుతూ కుర్చీ లాగి వేసింది.

"వందనాలు వదినా. ముందు కంచాలు పెట్టు," అంటూ ప్రేమావతి హాట్‌కేసు మూత తీసింది.

సంతోషకుమారి ముక్క పట్టుకుని చూసింది. ఇంకా గోరువెచ్చగా ఉంది.

"పొద్దున్న అక్కడ వేపిందేనా?"

"మా పొయ్యి మీదే."

ముగ్గురూ తృప్తిగా తిన్నారు. గెలిచేశాననుకుంది ప్రేమావతి. అప్పుడు సంతోషకుమారి చెయ్యి కడుక్కుని వచ్చి, మెల్లగా అడిగింది. "నాకు ఇదొక్కత్తే వదినా. రేపు నేను పోతే, మట్టి వేసేలోపు నా పిల్ల నన్ను చూస్తాదా?"

పుష్పవతి తల దించేసుకుంది. 'చూస్తుంది' అనేస్తే పని అయిపోతుంది. వేపుడు ఎలాగూ సాక్ష్యం చెప్పింది. కానీ ప్రేమావతికి ఆ అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"మా అమ్మ పోయిందని తంతి వచ్చేనాటికి ఓడ వెళ్లిపోయింది వదినా. ఇంకో ఓడ పట్టుకుని వచ్చేసరికి సమాధి మీద గడ్డి మొలిచింది. ఆ గడ్డి పట్టుకునే ఏడ్చాను." కళ్లు తుడుచుకుంది. "విమానమూ అంతే. గాలివాన పట్టిందంటే మా ఊరి దాకా వచ్చి కూడా దిగకుండా తిరిగిపోతాది. అందుకని చావుకి పంపుతానని మాటివ్వను. జ్వరానికి పంపుతాను. నీకు కాస్త ఒళ్లు వెచ్చబడిందని ఫోనొస్తే చాలు, దొరికిన మొదటి విమానం ఎక్కిస్తాను. పని ఉంది, పండగ ఉంది అనను. పుష్పా, నువ్వూ విన్నావు కదా? నేను కాదంటే నా మొహానే అడుగు."

సంతోషకుమారి ఏదీ తేల్చకుండా కంచాలు తీసేసింది. ఇంత దూరం వచ్చి నిజం చెప్పి చెడగొట్టుకున్నానా అని ఆ రాత్రి ప్రేమావతికి సరిగా నిద్ర పట్టలేదు.

పొద్దున్నే లేచేసరికి వంటింట్లో నూనె వాసన. ఆటో వచ్చాక సంతోషకుమారి హాట్‌కేసు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. బరువుగా ఉంది.

"ఏటి వదినా ఇది?"

"ఖాళీ గిన్నె ఎలా పంపుతాను? గారెలు. దారిలో మూత తియ్యకు," అంది సంతోషకుమారి, తుండుగుడ్డ మరింత బిగించి కడుతూ. "మా అల్లుడికి వేడిగా పెట్టు."