సోమలింగానికి కోటొద్దు

మా ఇంటాయన సోమలింగం ప్రభువు దగ్గరికి పోయి ఏడాది కావస్తుండె. ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టి, ఆనాడే సమాధి మీద రాయి నిలబెట్టుడు మా సంఘంల ఆనవాయితీ. రాయి పని నేను చూసుకుంట అని మా కొడుకు వినోద్ నెత్తిన ఏసుకున్నడు. రాళ్ల దుకాణపాయనతోని, రాయి మీద చెక్కెతందుకు కంప్యూటర్ల బాపు బొమ్మ చేయించి, ఫోన్ల తెచ్చి నాకు చూపిచ్చిండు.

చూసిన. నల్లకోటు, ఎర్ర టై, పౌడరు కొట్టినట్టు తెల్లటి మొఖం.

"ఎవరు బిడ్డా ఈ సేటు?" అన్న.

"బాపే అవ్వా. జర మంచిగ చూడు."

మంచిగనే చూసిన. ముక్కు ఆయనదే. మెడ కాడికెల్లి కిందికి ఎవలదో నాకైతే ఎరుక లేదు. సిరిసిల్ల దిక్కుకెల్లి సూరత్ వచ్చిన కాడికెల్లి ఆయన బట్ట నేసే సాంచెలే నడిపిండు. ముందుగాల ఖటోదరాల, ఆ తర్వాత జోల్వాల. కార్ఖాన లోపటికి పోంగనే అంగి ఇప్పి గోడ మొలకు తగిలిచ్చి బనీను మీద నిలబడేటోడు. ఆ ఉడుకల అంగి నిలుస్తదా? వినోద్ పెండ్లికి కోటు కిరాయికి తెస్తే, దాన్ని కుర్చీకి తొడిగి, తను పక్కన కూసోని బగారన్నం తిన్నడు. "కుర్చీకి మంచిగ కుదిరింది, దానికే ఉండనీ" అన్నడు. అసొంటోనికి సచ్చినంక కోటు తొడుగుతున్నరు, వద్దనెతందుకు నోరు లేదని.

ఆదివారం ఆరాధన అయినంక మనుమరాలు మౌక్తికను ఎంబడి పెట్టుకొని సమాధుల తోటకు పోయిన. ఎన్నోసార్లు పోయిన తావే, కండ్లు పెట్టి చూడలే అంతే. కొత్త రాళ్లున్న వరుస పొంటి నడిస్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. తోపుడుబండి మీద బట్టల తాన్లు గుంజిన యాకోబుకు అదే కోటు. చాయ్ అమ్మిన ఏసోబుకు అదే కోటు, అదే టై, అదే ముడి. సాంచెలకు నూలు చుట్టిన బీములు మోసి మోసి లాజరుకు మెడనే లేకుండె, రాయి మీద ఆయనకు కొత్తగ మెడ మొలిచింది. మక్కకంకులు కాల్చి అమ్మిన పోశమ్మ మెడల కాసులపేరు. దుకాణపాయన కాడ మగోళ్లకు ఒక్క ఒళ్లు, ఆడోళ్లకు ఒక్క ఒళ్లు ఉన్నట్టున్నది, తలకాయలు మార్చుకుంట అతికిస్తున్నడు. అందరు ఒక్కతీరు కోట్లల్ల పెండ్లి బ్యాండోళ్ల లెక్క నిలబడ్డరు.

"మీ తాతను ఈ బ్యాండుల కలుపనియ్య" అన్న పిల్లతోని.

అది నవ్వి, ఫోన్ల ఒక ఫోటో తీసి చూపిచ్చింది. ఒకనాడు కార్ఖానకు తాతకు సద్ది ఇయ్యపోయినప్పుడు తనే తీసిందట. సాంచె పక్కన నిలబడ్డడు. బనీనుకు చంక కాడ చిల్లు, భుజం మీద తువ్వాల. చెయ్యి చెవు ఎనుక పెట్టుకొని, జర ముందుకు వంగి, "ఆఁ? ఏందే?" అని అడుగుతున్నడు. సాంచెల చప్పుడుకు చెవులు పోయినయి గద, ఎవలు పిలిచినా గట్లనే చెయ్యి పెట్టేటోడు. ఇంట్ల, చర్చిల, బజార్ల గదే తీరు. ఇగ ఈయన నా మొగడు అన్న.

వినోద్‌కు చూపిస్తే మొఖం మాడిపోయింది. ఆ కూడికకే హజీరా నుంచి మౌక్తికను చేసుకుంటమన్నోళ్లు వస్తున్నరు. పిల్లగాడు పెద్ద కంపెనీల ఇంజనీరు. వినోద్ వాళ్లతోని మా బాపు మిల్లుల మేనేజరు అని చెప్పి పెట్టిండట. అది గూడ అప్పుడే బయటవడ్డది.

"బతికినన్ని రోజులు బనీను మీదనే ఉన్నడు అవ్వా. పోయినంకన్న ఒక్క కోటు ఎయ్యనియ్యవా?" అన్నడు. కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు గూడ.

"కోటు కావాల్నని ఆయన ఎన్నడన్న అడిగిండా? నీకు కావాలె. నీ రాయి మీద ఏపిచ్చుకో."

ఆనాటి సంది నాతోని మాట బంద్ పెట్టిండు. పెండ్లి దానిది కాబట్టి మౌక్తికను గూడ అడిగిన, నీకు భయమైతదా అని. ఆ ఫోటో తీసింది నేనే గద నానమ్మా అన్నది. నాకు గంతే చాలు.

ఇద్దరం దుకాణానికి పోయినం. మాతాజీ, బనీను బొమ్మ ఎవ్వరు ఏపియ్యరు, నా దుకాణం ఇజ్జత్ పోతది అన్నడాయన హిందీల. పోనీ టై తీసేస్త అన్నడు. చెయ్యన్న కిందికి దించుదాం, మొఖం కంటె చెయ్యే ముందు కనవడ్తున్నది అన్నడు. చెయ్యి తీస్తే ఇగ ఆయన ఏడుంటడు? వాకిట్ల నల్లరాళ్లు పేర్చి ఉంటే వాటి మీద కూసున్న. నువ్వు పని మొదలువెట్టెదాక లెవ్వ అన్న. వచ్చినోళ్లంత నన్ను దాటుకొని పోవుడు మొదలైంది. చాయ్ తెప్పిచ్చిండు, తాగిన, లెవ్వలే. ఆఖరుకు మౌక్తిక ఫోన్ల ఫోటో తీసుకొని కంప్యూటర్ ముంగట కూసున్నడు. పేరు కింద "సాంచెలు నడిపినోడు" అని తెలుగుల రాయమన్న. పిల్ల కాయిదం మీద రాసిచ్చింది.

కూడిక నాడు చర్చి అయ్యగారు రాయి మీద బట్ట తీసిండు. అంతల జోల్వ కార్ఖానోళ్లల్ల ఎవడో పుసుక్కున నవ్విండు, వాని ఎనుక ఇంకొకడు. అయ్యగారు ప్రార్థన మొదలువెట్టి, బొమ్మ దిక్కు చూసి గొంతు పెంచిండు. ఆమెన్ అనెటాళ్లకు అరుస్తనే ఉన్నడు. వినోద్ తలకాయ వంచుకున్నడు, భుజాలు ఊగుతున్నయి. నవ్వో ఏడుపో నేను అడుగలే.

పిల్లగాని తల్లి రాయి కాడికి వచ్చి రాత చదివింది. మీ నాన్నగారు మేనేజరన్నారు కదండీ అని వినోద్‌ను మెల్లగ అడిగింది. వాడు నా దిక్కు చూసిండు.

"మేనేజరు కాదమ్మా" అన్న నేను, అందరికి ఇనవడేటట్టు. "సాంచెలు నడిపిండు. చెవులు గూడ ఆ సాంచెలకే పోయినయి. మా పిల్లను చేసుకుంటే ఈయన మనుమరాలినే చేసుకున్నట్టు."

వాళ్లు కూడిక బువ్వ తిన్నరు, కారెక్కి పోయిన్రు.

ఇంక కబురు రాలే. నిన్న వినోద్ నా పక్కకు వచ్చి కూసున్నడు, ఇన్ని రోజులకు. మనమే ఒకసారి ఫోన్ చేద్దామా అవ్వా అన్నడు.

ఎందుకు బిడ్డా అన్న, వాళ్ల కాడ మన నంబరు ఉన్నది గద.