హోర్డింగ్ మీది మనిషి

నారాయణఖేడ్ బస్ డిపో ఎదుట ఆటో దిగుతూ తలెత్తి చూడొద్దనుకుంది ఇంద్రమ్మ. అయినా చూసింది. సోలార్ కంపెనీ హోర్డింగ్ మీద నిలువెత్తున తన బొమ్మ, వెనక నీలంగా మెరిసే పలకలు. ఎవరో పేడ ముద్ద విసిరారు. అది ఎండిపోయి ఆమె నవ్వు మీదే అతుక్కుని ఉంది.

మూడేళ్ల కింద ఆ ఫొటో తీసినప్పుడు ఆమె నిజంగానే నవ్వింది. కంగ్టి దగ్గర వాళ్ల ఊళ్లో వాన పడితేనే కంది పంట. ఆ మెట్ట చెలకలను కౌలుకిస్తే వాన పడ్డా పడకపోయినా ఏటా డబ్బు ముడుతుందని కంపెనీ వాళ్లు చెప్పారు. అందరికంటే ముందు భూమి ఇచ్చింది ఇంద్రమ్మే. కంపెనీ యజమాని జగన్నాథ్, వేల కోట్ల మనిషి, టీవీలో ఆమె పేరెత్తి "నా అసలు భాగస్వామి ఈమె" అన్నాడు. ఆ తర్వాత ఆమె ఇల్లిల్లూ తిరిగి చెబితే ఊరు ఊరంతా ఇచ్చింది.

ఇప్పుడు జగన్నాథ్ పేరెత్తితే జనం మొహం తిప్పుకుంటున్నారు. కట్టని ప్లాంట్లను కట్టినట్టు చూపి బ్యాంకుల్లో అప్పులు తెచ్చాడని పత్రికలు రాశాయి. షేరు ధర సగానికి పడిపోయింది. కూలీల జీతాలు ఆపిన నెలలోనే కూతురి పెళ్లి సముద్రంలో ఓడ మీద చేశాడు. ఆ వీడియో కంగ్టిలో కూడా ప్రతి ఫోనులోకీ వచ్చింది. కౌలు రాక ఏడాదైంది. దానికి తోడు, పొరుగింటి ఈరయ్య, కంపెనీ పలకలు పెట్టకుండా వదిలేసిన తన చెలకలో సాగుకు పంట అప్పుకని బ్యాంకుకు వెళితే, నీ భూమి మీద కంపెనీ ఎప్పుడో అప్పు తీసుకుందని తిప్పి పంపారు.

ఇలాంటి సమయంలో జగన్నాథే నారాయణఖేడ్ వచ్చి విలేకరులతో మాట్లాడతాడని, ఇంద్రమ్మ పక్కన ఉండాలని కంపెనీ మనిషి అంకిత ఫోన్ చేసింది.

"పోకు. వాడు నీ నోట్లకెల్లి మాట్లాడుతడు" అన్నాడు భర్త మాణిక్యప్ప.

"నేను పోకుంటే గా బొమ్మ మాట్లాడుతది" అని చెప్పి ఆమె బయలుదేరింది.

ఫంక్షన్ హాలు ముందు పోలీసులు నిలబడి ఉన్నారు. గేటు దగ్గర ఊరి వాళ్లంతా గుంపుగా కనిపించారు. ఆమెను చూసి ఎవరూ పలకరించలేదు, పక్కకు జరిగి దారిచ్చారంతే. ఈరయ్య అయితే నేల చూపులు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

అంకిత వెనక తలుపు గుండా ఒక గదిలోకి తీసుకెళ్లి వదిలింది. లోపల జగన్నాథ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. టీవీలో కనిపించే మనిషిలో సగమే ఉన్నాడు. గడ్డం కింద చర్మం వేలాడుతోంది.

"కూర్చోండి ఇంద్రమ్మా. బయటి నుంచి ఒక కంపెనీ మన ప్లాంట్లు కొంటానంటోంది. సంతకాలు మాత్రమే మిగిలాయి. ఇవాళ షేరు ఇంకా పడితే వాళ్లు వెనక్కి పోతారు. పడకపోతే మీ అందరి కౌలు తీర్చేస్తాను. పోయినసారి లాగా నాలుగు మంచి మాటలు చెప్పండి, చాలు."

"మా భూమి మీద అప్పు తెచ్చినవా సార్?"

"తెచ్చాం. తీర్చేద్దామనే తెచ్చాం."

"కొంటరన్నది నిజమేనా?"

"నిజం కావాలనే చూస్తున్నాను" అన్నాడు. మంచినీళ్ల సీసా మూత తీయబోతే రాలేదు. ఇంద్రమ్మ ఆ సీసా తీసుకుని మూత తీసి ఇచ్చింది. ఈ మనిషి అబద్ధమాడుతున్నాడని ఆమెకు అనిపించలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. అతను అడిగినట్టు చెబితే ఊరికి డబ్బు రావచ్చు. తన మాట నమ్మి ఇంకెందరో అతని చేతిలో డబ్బు పోయనూవచ్చు.

వేదిక మీద లైట్లకు కళ్లు చెదిరాయి. జగన్నాథ్ నవ్వుతూ మైకు ఆమె చేతికిచ్చాడు. "అమ్మా, కౌలు అందుతోందా?" అని ఒక విలేకరి అడిగాడు. ఊరి వాళ్లతో పాటు లోపలికి వచ్చిన ఈరయ్య వెనక వరుసలో లేచి నిలబడ్డాడు.

ఇంద్రమ్మ మైకు నోటి దగ్గరకు తెచ్చుకుంది. "ముందుగల ఇచ్చిండు. ఏడాది సంది ఇస్తలేడు. మా భూమి మీద అప్పు తెచ్చిండట, గిప్పుడే లోపల నాతోని ఒప్పుకుండు. ఎవరో కొంటరట, అప్పుడు ఇస్తనంటుండు. ఇస్తడో ఇయ్యడో నాకు ఎరుక లేదు. నన్ను చూసి భూమి ఇచ్చినోళ్లు గక్కడ నిలబడ్డరు. ఇంకొకలు నన్ను చూసి ఇయ్యొద్దు."

హాలంతా ఒక్కసారిగా గోలైంది. అంకిత మైకు లాక్కుంది. జగన్నాథ్ మాత్రం కదల్లేదు. కోపం కూడా తెచ్చుకోలేదు, ఇంద్రమ్మ వంక అలసటగా చూశాడు.

సాయంత్రానికి షేరు కుప్పకూలింది. కొంటామన్న వాళ్లు తప్పుకున్నారు. కంపెనీ దివాలా తీసింది, కొన్నాళ్లకు జగన్నాథ్‌ను అరెస్టు చేశారు.

ఊళ్లో ఆమెను మెచ్చుకున్నవాళ్లు కొందరే. కిరాణా కొట్టు దగ్గర ఈరయ్య ఆమె మొహం మీదే అన్నాడు: "జర నోరు మూసుకుంటే మా పైసలన్న వచ్చేటియేమో."

"వచ్చేటియేమో" అంది ఇంద్రమ్మ. ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు. మాణిక్యప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఎండాకాలంలో దివాలా కోర్టు పంపిన అధికారి నారాయణఖేడ్ వచ్చి రైతుల మాటలు వింటానన్నాడు. పొద్దున్నే ఈరయ్య ఆటోలో ఆమె వాకిట్లోకి వచ్చాడు.

"నడువు వదినె. నువ్వే మాట్లాడాలె."

"మాట్లాడుత. కని ఏమొస్తదో చెప్పలేను."

"ఏమొస్తదో నిన్ను చెప్పుమన్నదెవరు?" అని అతను ఆటోలో జరిగి చోటిచ్చాడు.

అప్పు కాగితాల మీద తామెవరూ సంతకం పెట్టలేదని ఇంద్రమ్మ అధికారికి చెప్పింది. రైతుల సంతకం లేని తాకట్టు చెల్లదని చివరికి కోర్టు ఉత్తర్వు వచ్చింది. భూములు విడిపోయాయి. ఆగిన కౌలు మాత్రం రూపాయి కూడా రాలేదు. తొలి వానకు ఈరయ్య మళ్లీ కందులు వేశాడు. విత్తనాలు చాలకపోతే ఇంద్రమ్మ దగ్గరికే వచ్చి అడిగి పట్టుకెళ్లాడు.