వీడియో నొక్కితే పాలిటీ

మా ఆయన ఉమాకాంత్‌కు సినిమాల పిచ్చి. గ్రూప్-1కు చదువుతానని అశోక్‌నగర్‌లో ఈ ఒంటిగది కిరాయికి తీసుకున్నాక, ముందుగా ఆ పిచ్చికే తాళం వేశాడు. ఆయన పాత లాప్‌టాప్‌లో ఉండేది విండోస్ కాదు, లినక్స్. ఏ రకం ఫైలు నొక్కితే ఏది తెరుచుకోవాలో అందులో మనమే చెప్పుకోవచ్చట. కూర్చుని ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాడు. అప్పటినుంచి ఏ వీడియో మీద డబుల్ క్లిక్ చేసినా, దాని బదులు ఆ రోజు చదవాల్సిన పాలిటీ నోట్సు తెరుచుకుంటుంది.

ఘనకార్యమే. కానీ ఆ వీడియోల్లో మా పెళ్లిది కూడా ఉంది. నారాయణగూడలో చీరల షాపులో పొద్దంతా నిలబడి వచ్చి, కాసేపు నా పెళ్లి నేను చూసుకుందామంటే ఆర్టికల్సు, సవరణలు! ఒళ్లు మండేది.

"నా పెళ్లి జూసుకోనీకి గూడ రాజ్యాంగం అడ్డమా? జర తీసెయ్ దాన్ని" అనేదాన్ని.

"జాబ్ కొట్టిన రోజు నేనే తీసేస్త. ఇద్దరం కూసొని జూద్దాం" అనేవాడు.

రానురాను అదొక ఆటైపోయింది. ఇంటికి రాగానే పెళ్లి వీడియో నొక్కేదాన్ని, పాలిటీ వచ్చేది, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. పరీక్షలు వాయిదా పడుతూ వచ్చాయి. ఆయన వయసు మాత్రం వాయిదా పడలేదు. ఈసారి రాసిందే ఆఖరు, ఇది పోతే ఏజ్ లిమిట్ దాటిపోయినట్టే.

నిన్న సాయంత్రం నేను వచ్చేసరికి ఆయన ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. మామూలుగా ఆ వేళకు చిక్కడపల్లి లైబ్రరీలో ఉంటాడు.

"రిజల్ట్ ఏమన్న వచ్చిందా?" అని అడిగాను.

"కూసో, చాయ్ పెడత" అన్నాడు.

అలవాటుగా లాప్‌టాప్ తెరిచి పెళ్లి వీడియో నొక్కాను. సన్నాయి మోగింది.

సంతోషం పట్టలేకపోయాను. "కొట్టినవా? జాబ్ కొట్టినవా?" అని కేకపెట్టాను.

ఆయన ఇటు తిరగలేదు.

"లేదు త్రివేణీ. లిస్టుల నా నంబర్ లేదు. ఇగ సదివేదేముందని తీసేసిన."

తెర మీద ఆయన పందెం కట్టినట్టు నా నెత్తిన తలంబ్రాలు కుమ్మరిస్తూ నవ్వుతున్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"మళ్ల పెట్టు ఆ పాలిటీని" అన్నాను.

"దేనికి?"

ఆయన చేతులు తుడుచుకుని వచ్చి, మాటిచ్చినట్టే నా పక్కన కూర్చున్నాడు. వీడియో అయిపోయేదాకా ఇద్దరం చూశాం.